గుడ్డకు జ్వరం

పాండును కోర్టుకు తీసుకెళ్లేది నాలుగింటికి. నేను జహీరాబాద్ పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి పన్నెండు నలభై అయింది. మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు ఎస్సై రామ్‌కిషన్ గుమ్మంలోనే తినేశాడు.

"పెండ్లి ఎంక్వైరీలు చేసేటోళ్లకు ఈడేం పని నందిని మేడం?" అన్నాడు లాకప్ తలుపుకు అడ్డంగా నిలబడి.

సంగారెడ్డిలో నా డిటెక్టివ్ ఆఫీసు బతికేది పెళ్లికొడుకుల గుణగణాల మీదే, కాదనను. కానీ దానికి ముందు పదకొండేళ్లు ప్రయోగశాలలో కాలిన వస్తువుల ముందు కూర్చున్నదాన్ని. అదంతా వివరిస్తే ఇంకో పది నిమిషాలు పోతాయి.

"కాలిపోయిన ఇండ్ల ఎంక్వైరీలు గుడ చేస్త. జర జరుగున్రి సార్."

జరిగాడు గానీ వెళ్లలేదు. నా వెనకే నిలబడి కేసు అప్పజెప్పాడు, బట్టీ పట్టిన పిల్లాడిలా. నిన్న మంగళవారం సాయంత్రం నాలుగు నలభైకి చెన్నబసప్ప షెడ్డు అంటుకుంది. వేప చెక్కతో గంటెలు, రొట్టె పీటలు, పసిపిల్లల ఉగ్గుగిన్నెలు చేసే షెడ్డు అది. వెనక గదిలో కునుకు తీస్తున్న చెన్నబసప్పకు వీపూ చేతులూ కాలాయి, హైదరాబాద్ తీసుకుపోయారు, ఇంకా తెలివి రాలేదు. షెడ్డులోంచి ఆఖరున బయటికొచ్చింది పాండు, నాలుగూ పన్నెండుకి. ఎదురు టైర్ల షాపు కెమెరాలో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత లోపలికి పోయిన పురుగు లేదు. పొద్దున యజమాని పాండును నలుగురిలో తిట్టాడు. పాండు జేబులో అగ్గిపెట్టె దొరికింది.

"ముసలాయన బతికితే హత్యాయత్నం. పోతే హత్య. ఇంకేం గావాలె?" అన్నాడు.

పాండు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. మొగుడంపల్లి వైపు మనిషి. అరచేతులు నూనె తాగి నల్లగా మెరుస్తున్నాయి.

"ఎందుకు తిట్టిండు మీ సేటు?"

"గంటెలకమ్మా. రెండు నెలల కింద నేను పల్లినూనె రాసి పంపిన. రెండు వందల గంటెలు. ముక్కిన వాసనొస్తున్నయని మొన్న వాపసు వచ్చినయ్. తిట్టిండు. ఆయన తిట్టుడేం కొత్తనా? ఎవల్నన్న తిట్టకుంటే ఆయనకు అన్నం అరగది. మల్ల పది నిమిషాలకు నాతోనే చాయ్ తాగిండు."

"అగ్గిపెట్టె?"

"బీడీ తాగుత. షెడ్డుల తాగ. శివమ్మవ్వ తన్నుతది."

"పల్లినూనె పోయినంక ఇప్పుడేం రాస్తున్నరు?"

"అవిసె నూనె. గానుగది. ఇరవై దినాలైతుంది."

నా వెన్ను నిటారైంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ నూనె పేరు ఎన్ని నివేదికల్లో రాశానో నాకే లెక్కలేదు. "రాసిన గుడ్డలేం చేసినవ్ పాండూ? మెల్లగ యాద్ చేస్కొని చెప్పు."

"మెల్లగెందుకు? ఏడు గుడ్డలు. ఏడు తీగ మీద ఆరేసిన. ముద్ద చేస్తే గుడ్డకు జరమొస్తదని అవ్వ రోజూ లెక్కవెడ్తది."

రామ్‌కిషన్ పగలబడి నవ్వాడు. "గుడ్డకు జరమంట! దవాఖానకు తోల్కపోదమా మేడం?"

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. "తోల్కపోదం. షెడ్డుకు. మీరు గుడ రాన్రి, లేకపోతే రేపు నేనే ఏదో పెట్టిన్నంటరు."

ఒంటిగంట ఐదుకు షెడ్డు ముందు దిగాం. నాకు ఫోన్ చేసి పిలిపించిన శివమ్మ గేటు దగ్గరే ఉంది. అరవై దాటిన మనిషి. వాళ్ల పుట్టింటివాళ్లు కర్ణాటక అంచున బండి చక్రాలు, కాడిమాన్లు చేసినవాళ్లు. ఈ షెడ్డులో ఏ చెక్క ఏ వస్తువుకో, ఏ నూనె ఏ చెక్కకో చెప్పేది ఆమే. చెన్నబసప్ప నోటికి జడవని ఏకైక మనిషి కూడా ఆమేనట.

"బిడ్డా, పాండుగాడు అగ్గి పెట్టలే. వాడు చీమను తొక్కినా మొక్కుతడు" అంది.

"మొక్కుడు సంగతి కోర్టుల చెప్పుకుందువు. అవిసె నూనె ఎవరు పెట్టించిన్రు?"

"నేనే. పల్లినూనె ఆరది, చెక్కల ఉండి ఉండి చెడిపోతది. కొబ్బరినూనె ఎండకు కారుతది. ఆ శివశంకర్ ఉన్నడు గద, సేటు అన్న కొడుకు, అమ్మకం పని చూస్తడు, ఆ పోరడు మందుల దుకాన్ల దొరికే తెల్లనూనె తెస్తనన్నడు. వాసనుండదంట, చెడిపోదంట. అదెందుకిస్తరో ఎరికేనా? కడుపు సాఫ్ గాకుంటె తాగిపిస్తరు! నేనద్దన్న. అవిసెలు మనం తినేటియే. ఆ నూనె చెక్కల దిగి గట్టివడ్తది. కాకపోతే పతలగ రాసి తుడ్వాలె, పదిహేను దినాలు సబర్ వట్టాలె. సేటు సరే అన్నడు."

"శివశంకర్ ఏమన్నడు?"

"బుధారం నాటికి గిన్నెలు పోవాలె, పదిహేను దినాలెక్కడియని లొల్లి వెట్టిండు. పోకుంటె పాయె అన్నడు సేటు."

బుధవారమంటే ఈరోజు. గుడ్డలు చూపించమన్నాను.

షెడ్డు పక్కన, మంట తగలని గోడకు కట్టిన ఇనుప తీగ మీద నీలం పాత చీర ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఒకదానికొకటి తగలకుండా జానెడు దూరం. లెక్కపెట్టాను. ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడే. రామ్‌కిషన్‌ను కూడా లెక్కపెట్టమన్నాను.

"ఏడున్నయ్. అయితేంది?"

"పాండు గుడ్డలు అగ్గిల లేవు. అది యాద్‌పెట్టుకోన్రి."

లోపలికి పోయాం. మంట ఎక్కడ పుట్టిందో చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టలేదు. చెన్నబసప్ప పడుకునే గదికీ పనిచోటుకీ మధ్య చెక్కల తడిక ఉంది. దాని అడుగున నేల మీద బండ పగిలిపోయింది. అక్కడ నుంచి మంట పైకి, పక్కలకు పాకింది. పెట్రోలు చల్లి అంటిస్తే నేలంతా మరకలుగా కాలుతుంది. ఇక్కడ ఒక్కచోటే, గోనెసంచి పట్టేంత వెడల్పున, చెక్కపొట్టు కుప్పలో లోతుగా కాలింది.

మోకాళ్ల మీద కూర్చుని పొట్టు కెలికాను. రాతిగోడ మూలకు దొర్లి, ఫైరింజన్ నీళ్లకు తడిసి బతికిపోయిన గుడ్డ ముద్ద ఒకటి దొరికింది. పిడికిలంత ఉంది. విప్పాను. పైపొర తెల్లగానే ఉంది. లోపలి పొర గోధుమరంగు. దాని లోపల నలుపు. నడిమధ్యన గుడ్డే లేదు, బూడిద.

"చూడున్రి సార్. అగ్గిపుల్ల గీస్తే బయటి నుంచి లోపలికి కాలాలె. ఇది లోపట్నుంచి బయటికి కాలింది."

అతను వంగి చూశాడు. మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. "అదెట్ల?"

"అవిసె నూనె ఆరుడంటే నీళ్ల లెక్క ఆవిరైపోవుడు కాదు. గాలిని పీల్చుకోని గట్టివడ్తది. పీల్చుకునేటప్పుడు వేడెక్కుతది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతది. ముద్ద చేసి సంచిల కుక్కితే ఎటు పోతది? లోపలనే పెరిగి పెరిగి అంటుకుంటది. శివమ్మ చెప్పిన జరం గదే."

"అయితే ఏందన్నట్టు? పాండు ముద్ద చేసి కుక్కిండన్నట్టు. మీరే వాని మెడకు తాడు కడ్తున్నరు మేడం."

"ఇది తెల్ల బనియన్ గుడ్డ. మెకానిక్ షెడ్లల్ల కిలోల లెక్క అమ్ముతరు. పాండుయి నీలం చీర ముక్కలు. ఏడుకు ఏడు బయట ఉన్నయ్."

"రెండు రకాల గుడ్డలు వాడి ఉంటడు."

మొండిఘటం. కానీ ఆ ప్రశ్న ఎవరైనా అడగాల్సిందే కాబట్టి తిట్టుకుంటూనే వెనక వాకిట్లోకి నడిచాను. అప్పటికి ఒకటీ నలభై.

వెనక ఎండలో ఒకే టార్పాలిన్ మీద ఇటు గంటెలు, అటు ఉగ్గుగిన్నెలు పరిచి ఉన్నాయి. మంట ఇటు రాలేదు. "ఇవి ఎప్పుడు రాసినయ్?" అనడిగాను.

"రెండూ సోమారం పొద్దుగాల్నే. ఒకటే చేత్తోని, ఒకటే నూనె. పాండు రాసిండు, నేను తుడిచిన" అంది శివమ్మ.

గంటె మీద బొటనవేలు పెట్టి తీశాను. అంటుకుంది. సన్నగా జిగట. రెండు రోజులకు గానుగ నూనె అలాగే ఉండాలి. గిన్నె మీద పెట్టాను. అద్దంలా నున్నగా, గట్టిగా ఉంది. గోరుతో గీకితే గోరే అరిగింది. ఇంకొకటి, ఇంకొకటి. గిన్నెలన్నీ అంతే. గంటెలన్నీ జిగటే.

శివమ్మ కూడా ఒక గిన్నె అందుకుంది. వేలితో రాసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం పాలిపోయింది.

"ఇది నా నూనె గాదు బిడ్డా."

"కాదు. పెయింటు పనోళ్లు వాడే కాచిన అవిసె నూనె. ఒక్క దినంల ఆరాలెనని సీసం లాంటి మందులు కలుపుతరు. తలుపులకు రాస్తరు దీన్ని. గానుగ నూనె గుడ్డ ముద్దయితే వేడెక్కనీకె ఎంతో టైం తీస్కుంటది, కొన్నిసార్లు అంటుకోనే అంటుకోదు. దీని గుడ్డకు మూడు నాలుగు గంటలు చాలు." రామ్‌కిషన్ వైపు తిరిగాను. "నాలుగు నలభై నుంచి నాలుగు గంటలు వెనక్కి పోన్రి సార్. ఎక్కడికొస్తది?"

"పన్నెండు నలభై" అన్నాడు, ఇష్టం లేకుండానే.

"ఆ టైంకు షెడ్డుల ఎవరున్నరు?"

"ఎవ్వరుండరు" అంది శివమ్మ. "చెక్కపొట్టుల కూసోని తినద్దని అందర్ని మా ఇంటికే తోల్కపోత. పన్నెండు ముప్పావుకు పోతం, ఒకటిన్నరకొస్తం. సేటు గుడ ఇంటికి పోతడు. తిని రెండింటికొచ్చి పండుకుంటడు."

"సార్, మీరు కెమెరా ఎన్నింటి నుంచి చూసిన్రు?"

"మూడింటి నుంచి" అన్నాడు రామ్‌కిషన్. "అగ్గి అంటుకున్నది నాలుగు నలభైకి గద. పొద్దటి నుంచి ఎవరు చూస్తరు?"

ఊరంతా అదే తప్పు చేసింది. మంట కనబడిన గంటకు ఎవరెక్కడున్నారని అందరినీ అడిగారు. మంట పెట్టిన గంట అది కాదు.

టైర్ల షాపు నవదీప్ రెండూ పదికి మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. వేగంగా తిప్పమన్నాను. పన్నెండు నలభై ఆరుకి శివమ్మ వెనక పనివాళ్లు బయటికి నడిచారు. పన్నెండు యాభై ఒకటికి తెల్లచొక్కా మనిషి ఒకడు బరువైన సంచి మోసుకుంటూ గేటు తీశాడు. ఒకటీ ఇరవై ఎనిమిదికి డబ్బా ఒక్కటే పట్టుకుని బయటికొచ్చాడు. డబ్బా ఊగుతోంది. ఖాళీది.

"శివశంకర్" అన్నాడు రామ్‌కిషన్, నమ్మలేనట్టు. "శంకర్ నాకు మంచిగ ఎరికె మేడం. నిన్న మూడింటి నుంచి బీదర్‌ల వ్యాపారుల మీటింగుల ఉన్నడు. ఇరవై మంది సాక్ష్యం."

"నాలుగు నలభైకి ఆయన యాడున్నా నాకు ఫికర్ లేదు. ఇప్పుడు పిలిపియ్యున్రి."

శివశంకర్ రెండూ నలభైకి షెడ్డు వెనక వాకిట్లోకి వచ్చాడు. ముప్పై రెండేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, కళ్లు మాత్రం రాత్రంతా ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. అది నటన కాదని నాకు చూడగానే తెలిసింది. అందుకే ఇంకా చిరాకేసింది.

"మా కాకకు ఎట్లున్నదో కనుక్కుంటున్న మేడం. జల్దీ అడుగున్రి."

"నిన్న పన్నెండు యాభైకి షెడ్డుల ఏం చేసినవ్?"

"నేనా? అన్నం తింటున్న."

"కెమెరాల ఉన్నవ్. సంచితోని పోయినవ్."

"అవును... గిన్నెలు చూడనీకె పోయిన. లోడు పోవాలె గద."

"సంచిల ఏముండె?"

"ఖాళీ డబ్బాలు."

"ఖాళీ డబ్బాకు భుజం అంతగనం వంగుతదా? నీ గోర్ల చుట్టూ ఆ పచ్చపొర ఏంది? కడిగితే పోతలేదు గదా?"

చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "మేడం, నాకు నూనెల సంగతి తెల్వది. నేను అమ్మకం మనిషిని. శివమ్మవ్వనడుగున్రి."

"అవ్వ చెప్పేది వినకనే గదరా ఇంతదూరం వచ్చింది!" అంది శివమ్మ.

"అరే, ఒక సంచి పట్టుకోని పోయిండని మనిషిని నేరస్తున్ని చేస్తరా?" రామ్‌కిషన్ మధ్యలోకి వచ్చాడు. "గిన్నెలు మస్తుగున్నయ్, నున్నగున్నయ్. పాండు రాసిన నూనె ఎండకు ఆరింది. అయిపాయె. మీరు ఊకనే కథలల్లుతున్నరు."

వాదిస్తే నాలుగవుతుంది. ఎదురు హోటల్ నుంచి వేడి పాలు తెమ్మని నవదీప్‌ను పంపాను. టార్పాలిన్ మీద నుంచి ఒక గిన్నె తీసి, అందులో పొగలు కక్కే పాలు పోసి శివశంకర్ ముందు పెట్టాను.

"ఏమంటవ్? మంచి గిన్నెనే గద. తాగు."

"నేను... పాలు తాగ మేడం."

"రెండు గుటకలు."

"ఒద్దు. కడుపుల మంచిగ లేదు."

"ఏం తమాషా ఇది?" రామ్‌కిషన్ కసురుకున్నాడు. "ఇటియ్యున్రి, నేను తాగుత, ఈ లొల్లి ఒడ్సిపోతది." గిన్నె ఎత్తి నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఒద్దు సార్!"

శివశంకర్ ఎగిరి అతని చెయ్యి కొట్టాడు. గిన్నె ఎగిరిపడింది, పాలు ఖాకీ చొక్కా మీద చిందాయి. శివశంకర్ నేల మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పెయింటు మేస్త్రీ దగ్గర తెచ్చిన. పేరు లేని డబ్బా. అది తినేటియాటికి గాదన్నడు. ఆరినంక ఏం గాదనుకున్న. నిన్న అందరు తిననీకె పోయినప్పుడు గిన్నెలకు రాసిన. గుడ్డలు తీగ మీద ఏస్తే అవ్వ వాసన పడ్తదని సంచిల కుక్కి తడక కింద పెట్టిన. సాయంత్రం పారేద్దమనుకున్న. అవ్వ గుడ్డకు జరమొస్తదంటే ముసల్దాని మాటలని నవ్వినోన్ని. మా కాకను నేనే కాల్చుకున్న సార్... నాకు తెల్వది, నిజంగ తెల్వది..."

"తెల్వదు సరే" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "పాండును పట్కపోయినప్పుడు గుడ తెల్వదా? రాత్రంతా లాకప్ల ఉన్నడు."

కేసు తేలిపోయింది. టైము రెండు యాభై ఎనిమిది. పాండు ఇంటికి పోతాడు. ఆ ఒక్క నిమిషం నాకు నిజంగా సంతోషమేసింది.

అప్పుడు చూశాను రామ్‌కిషన్ మొహం. చొక్కా మీద పాలు కారుతున్నా తుడుచుకోవట్లేదు.

"శంకర్" అన్నాడు, చాలా మెల్లగా. "మా రుచిత అన్నప్రాసనకు నువ్వు తెచ్చిన గిన్నె... గది ఎప్పటిది?"

శివశంకర్ మోకాళ్ల మీద మొహం దాచుకున్నాడు.

"ఎప్పటిది రా?"

"ముందుగాల్ల నలభై గిన్నెలు మా ఇంట్ల రాసి చూసిన సార్. ఆరుతదా లేదా అని. అందులదే."

రామ్‌కిషన్ ఫోన్ తీశాడు. నంబరు నొక్కడం మూడోసారికి గానీ కుదరలేదు. అవతల అతని భార్య గొంతు, వెనక పాప కేరింత మా అందరికీ వినిపించాయి.

"ఆ చెక్క గిన్నె యాడున్నది?"

"ఏమాయె? ఇప్పుడే అండ్ల జావ పెట్టిన. బుక్కెడు గుడ ఇడ్సిపెట్టకుంట తిన్నది నీ బిడ్డ. గా గిన్నె లేకుంటె నోరే తెరుస్తలేదు."

"ఎన్ని దినాల సంది పెడ్తున్నవ్?"

"పండుగ చేసిన కాడ్నుంచి. పదకొండు దినాలాయె. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"బిడ్డను తీస్కొని దవాఖానకు రా. గిన్నె గుడ తే. ఏం గాదు, రా" అని ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. మధ్యాహ్నం నుంచి నన్ను ఎగతాళి చేసిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఏం గాదు గద మేడం?"

"పదకొండు దినాలే సార్. రక్తం పరీక్ష చేయిద్దాం. సీసం ఒంట్ల ఎంత దిగిందో నాకు తెల్వదు. తెలిసినట్టు అబద్ధం చెప్ప." అంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు, ఉంటే చెప్పేదాన్ని.

అతను కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి పాండును వదిలేయమన్నాడు. జీపు వైపు రెండడుగులు వేశాడు. నేను శివశంకర్ చొక్కా పట్టుకుని లేపాను.

"నలభైల ఒకటి సార్ ఇంట్ల ఉన్నది. తక్కిన ముప్పై తొమ్మిది యాడున్నయ్?"

"పంచిన."

"ఎవరికి? పేర్లు చెప్పు."

"మొన్న ఆదివారం జాతరల బల్ల వేసి కూసున్న మేడం. చంటిపిల్లలను ఎత్తుకొచ్చినోళ్లకు ఊరికెనే ఇచ్చిన, పేరొస్తదని. కొందరు ఝరాసంగం దిక్కోళ్లు. కొందరు కర్ణాటక బస్సులల్ల వచ్చినోళ్లు." అతను శివమ్మ వైపు చూడలేకపోయాడు. "శివమ్మవ్వ చేసిన గిన్నె, భయం లేకుంట పెట్టున్రి అని చెప్పి ఇచ్చిన. పేర్లు అడగలే."